మూతపడని ఐదో డిస్క్

జనగామ చౌరస్తల శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూసి ఆగిపోయిన. ఆపిన ఆటోను మళ్ల పొమ్మన్న. ఫ్లెక్సీల ఉన్నది ఆయనే. కానీ ఎవరో ఫోన్లున్న చిన్న ఫోటోను పట్టుకొని గోడంత చేసిన్రు. మొఖమంత గడులుగడులుగ పగిలి ముక్కేదో మూతేదో తెలుస్తలేదు. మందపు కండ్లద్దాలను బట్టి పోల్చుకున్న. ఆయనే బతికుండి దాన్ని చూస్తె నిచ్చెనేసుకొని ఎక్కి పీకేస్తుండె. "సచ్చినోనికి గింత క్వాలిటీ గూడ ఇయ్యరారా" అని ఫ్లెక్సీ షాపోళ్లను పొట్టుపొట్టు తిడుతుండె.

పేరు కింద రాసే ఉన్నది గానీ నేనిక్కడ రాయ. ఆ పేరుతోటి ఆయన్ను పిలిచినోళ్లను నేనైతె చూడలె. ఊరందరికీ ఆయన డిస్కుల అన్న.

స్టేషన్ వెనక గల్లీల రెండు అర్రల ఇల్లు. బోర్డు లేదు. ముందర అర్రల కంప్యూటర్, పెద్ద టీవీ, ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత ప్లేయర్లు. పెండ్లిళ్లకు వీడియో తీసుడు, దాన్ని కత్తిరిచ్చి కూర్చుడు, డిస్క్ రైట్ చేసుడు, మూడు పనులూ ఒక్కడే చేసెటోడు. జనగామల హెచ్‌డీ కెమెరా అందరికన్న ముందు కొన్నది తనే అని చెప్పుకునెటోడు. నిజమో కాదో నాకు తెల్వది. ఆ ముచ్చట చెప్పకుంట మాత్రం ఒక్క గిరాకీని గూడ గడప దాటనియ్యలె.

తిప్పలంత ఏడ వచ్చిందంటె, హెచ్‌డీల తీసిన పెండ్లిని చూసే మిషిన్ ఊర్లల్ల ఎవలకాడ ఉంటది? అందరిండ్లల్ల మామూలు డీవీడీ ప్లేయర్లే. హెచ్‌డీ డిస్క్ పెడితె కాసేపు గర్రుమని తిరిగి, చదువరాదని చేతులెత్తేస్తది. అందుకని ఆ బొమ్మను తగ్గిచ్చి మామూలు డిస్కుల పట్టియ్యాలె. దాన్ని ఆయన 'దింపుడు' అనెటోడు. దింపేటప్పుడు ఆయన మొఖం చూడాలె, ఇంట్ల ఎవలో పోయినట్టే ఉంటుండె. "సూడు చెల్లె, జరీ పోగు పోగు కనవడ్తున్నది. మీ పెండ్లినాడు మీ అత్త ముక్కుపుల్లల రాయి ఒకటి ఊడింది, అది గూడ కనవడ్తున్నది. ఇప్పుడు దీన్ని దింపాలె" అని నాతోటి అన్నడు. నాకైతె ఆ ఊడిన రాయి కనవడకుంటేనే మంచిదనిపిచ్చింది.

అందుకే దింపకముందు ఒకసారి మొత్తం హెచ్‌డీలనే రైట్ చేసుకొని, తన పెద్ద టీవీల కూసోని చూసెటోడు. గట్ల రాస్తె పెండ్లి ఒక్క డిస్కుల పట్టదు. నాది ఐదింట్ల పట్టింది. చూసి, ఏడ కత్తిరియ్యాలె ఏడ పాట పెట్టాలె అని నోటుబుక్కుల రాసుకొని, అటెంక అసలు పని మొదలువెట్టెటోడు. ఎవలకూ ఇయ్యని డిస్కులు ఎందుకన్నా దండుగ అంటె, "వంట చేసెటోడు ఉప్పు చూడడా?" అన్నడు.

డిస్క్ రైటయితున్నంతసేపు ఆ ఇంట్ల మిక్సీ బందు. వదిన పచ్చడి నూరాల్నంటె రోలు ముందటేసుకోవాలె. అర్రల ఎవలూ నడువద్దు, అదురుతదట. తలుపు కాడ చెప్పులిడిసి బొమ్మల లెక్క నిలవడాలె. డిస్కును అంచులు పట్టి లేపుడు, పాత ధోతి గుడ్డతోటి నడుమ నుంచి బయటికి తుడుసుడు. గుండ్రంగ తుడిసినోళ్లను మళ్ల ఇంట్లకు రానియ్యకపోతుండె.

ఇంకో కానూన్ ఉండె. ఎవలి ప్లేయర్ వాళ్లు తెచ్చుకోవాలె. "రాసుడు నా పని, చదువుడు మీ మిషిన్ పని. రెండిటికీ కుదురుతదో లేదో ఈడనే తేలాలె" అనెటోడు. తరిగొప్పుల నుంచి, ఇంకా అవుతల నుంచి, పెండ్లి చేసినోళ్లు ప్లేయర్‌ను తువ్వాలల సుట్టి ఒడిల పెట్టుకొని బస్సుల వచ్చెటోళ్లు. అచ్చినంక వాళ్లను కూసోవెట్టి పెండ్లి మొత్తం, మూడు గంటలు, ఆఖరుదాక చూసెటోడు. పెండ్లి చేసినోళ్లు గోడకు ఒరిగి కునికిపాట్లు పడ్తుంటె ఆయన ఒక్కడే కండ్లార్పకుంట చూస్తుండె. అందుకే బస్టాండుల ఎవలు కనవడ్డా, "మీ మేనమామ అలిగి లేసిపోయిండు గద, మళ్ల తిన్నడా?" అని అడిగెటోడు. వాళ్లకు ఈయనెవలో యాదికుండకపోతుండె. బిత్తరపోయెటోళ్లు.

ఖరాబైన డిస్కులను పారెయ్యకపోతుండె. ఆయన అక్క ములుగు దిక్కు ఘనపూర్‌ల ఉంటది. ఆమె పొలంల పిట్టలు పడకుంట దారాలు గట్టి ఏలాడదీస్తందుకు సంచి నింపి పంపెటోడు. తళతళ మెరుస్తె పిట్టలు బెదిరిపోతయట.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఏ టెంటు కాడ దీక్ష కూసున్నా, ఏ రోడ్డు మీద వంటావార్పు పెట్టినా ఆయన కెమెరా ఆడ ఉంటుండె, ఒక్క పైస తీసుకోకుంట. టెంటుల మైకు అందితె మాట్లాడేది ఒక్కటే ముచ్చట. "సీన్మల్ల మన మాట ఎవలికి పెట్టిన్రు? రౌడీకి, జోకర్‌కు! హీరో మన తీర్గ మాట్లాడుడు ఎన్నడన్న చూసిన్రా? మనం నోరు తెరుస్తె వాళ్లకు నవ్వులాట" అని మెడ నరాలు ఉబ్బేటట్టు అరిసెటోడు. నేను అప్పుడు జనగామ దవాఖానల కొత్తగ నర్సుగ చేరిన. డ్యూటీ దిగి పోంగ నిలవడి చప్పట్లు కొట్టిన. ఆయన మాట నిజమేనాయె.

మాది దంతాలపల్లి దగ్గర లంబాడీ తండ. ఆ ఏడు శ్రావణంల నా పెండ్లయింది. వీడియోకు ఆయన్నే తీస్కపోయిన. మా తండల పెండ్లిపిల్లను సాగనంపేటప్పుడు ఢావ్లో పాడుతరు. ఏడుసుకుంటనే పాడేది. పిల్ల పాడాలె, ఇంటి ఆడోళ్లు ఆమె మెడ చుట్టుకొని అందుకోవాలె. నేను చిన్నప్పటి సంది హాస్టళ్లల్ల తెలుగు చదువు చదివినదాన్ని, నాకేమొస్తది? మా నాయినమ్మ, మేం దాదీ అంటం, నన్ను పట్టుకొని ఆమె పాట ఆమే పాడింది, నా పాటా ఆమే పాడింది. నడుమనడుమ నా చెవుల మెల్లగ చెప్పింది. నేను ఉత్తగ ఏడ్సుడే.

నెల తిరగకముందే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బందు. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలు బందు. బొగ్గు లేకపాయె, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎవలకు ఎరుక? అన్న టెంటుల సమ్మెకు జై కొట్టి, ఇంటికచ్చి కరెంటు పోయిందని తల కొట్టుకునెటోడు. ఆ సమ్మె నడుమనే ఒకనాడు పొద్దుగాల దాదీ చాయ తాగి మళ్ల పండుకున్నది. లేవలె.

సమ్మె అయిపోయినంక మా బాపు ప్లేయర్ మోసుకొని జనగామ పోయిండు. ఇద్దరు కూసోని చూసుడు మొదలువెట్టిన్రట. ఆఖరు డిస్క్ పెట్టేటాళ్లకు తొర్రూరు దిక్కు పోయే బస్సు టైమైంది. బాపు ఆగమాగం చేసిండు. అన్న తన కానూన్ పక్కకు వెట్టి, "తీస్కపో బాపూ, మంచిగనే వచ్చింది" అని డిస్కులు చేతుల పెట్టిండు.

తండల అందరం మా ఇంట్ల కూసున్నం. దాదీ పోయి అప్పటికి నెల గూడ గాలె. ఆమెను చూస్తందుకే వచ్చిన్రు ఆడోళ్లంత. హల్దీల కనవడ్డది, నవ్వింది. నీళ్లు పోసింది. ఆఖరు డిస్కుల సాగనంపుడు వచ్చింది. దాదీ నా మెడ చుట్టుకున్నది, నోరు తెరిసింది. సీన్మ పాట మొదలైంది.

దాదీ నోరు ఆడుతున్నది. పాట ఎవలిదో. వయోలిన్లు, ఎవడో మొగోని గొంతు, అమ్మా నాన్నా అని తెలుగు పాట. మా యాడి, అంటె మా అమ్మ, లేసి టీవీ కాడికి పోయి స్పీకర్ మీద చెవి పెట్టింది. కింద ఏమన్న ఇనవడ్తదేమో అని. ఏం లేదు. మా యాడి అట్లనే టీవీకి తల ఆనిచ్చి కూలవడ్డది. మా దాదీ గొంతు ఇంకేడా లేదు. ఫోన్ల లేదు, టేపుల లేదు. ఉన్నది ఆ ఒక్క వీడియోలనే.

తెల్లారి జనగామ పోయిన. గడపల నిలవడే అరిసిన. "ఏమన్నా, మా దాదీ గొంతు ఏం చేసినవ్?" అన్న. ఆయనకు సమజ్ కాలె. "ఏడ్పులే గద చెల్లె. అందరి పెండ్లిళ్లకు అట్లనే తీసేస్తం. ఏడ్పుల సప్పుడు బాగుండదని మంచి పాట వేసిన" అన్నడు.

"ఏడ్పు గాదు, పాట. మా భాషల పాట. సీన్మల్ల మా మాట ఎక్కిరిస్తున్నరు అని మైకుల లొల్లి పెడ్తవ్. వాళ్లు ఎక్కిరిచ్చిన్రు, నువ్వు నోరే మూసినవ్ గదనే!"

వదిన రోలు కాడ చెయ్యి ఆపింది. అన్న కండ్లద్దాలు తీసిండు, మళ్ల పెట్టుకున్నడు. సూస్తుండంగనే మొఖం నల్లవడ్డది. పోయి కంప్యూటర్ ముందట కూసున్నడు. కెమెరా కార్డు మీద టెంట్లు తీసిండు, నా పెండ్లి చెరిగిపోయింది. హార్డ్ డిస్క్ నిండితె సమ్మె వీడియోల కోసం జాగ చేసిండు, ఆడ గూడ పోయింది. తన కోసం దింపకుంట ఉంచుకున్న హెచ్‌డీ కాపీ ఒకటి ఉన్నది గానీ అండ్ల గూడ ఆ సీన్మ పాటనే. గంట సేపు వెతికిండు. నేను నిలవడే ఉన్న, కూసోమన్నా కూసోలె.

అప్పుడు నోటుబుక్ తీసి ఏళ్లతోటి పేజీలు తిప్పి, ఒక్కతాన ఆగిండు. "ఐదో డిస్క్ మూతపడలె" అన్నడు.

రాసినంక డిస్కుకు ఆఖర్ల మూత పెట్టాలె, అప్పుడే ప్లేయర్ దాన్ని గుర్తుపడ్తది. పాట కలుపకముందు తన కోసం రాసుకున్న ఐదింట్ల ఆఖరుది, సాగనంపుడు ఉన్నది, మూత పెడ్తుండంగ కరెంటు పోయింది. రాసుడైతె అయింది, మూత పడలె. ఖరాబైందని మిగతా ఖరాబు డిస్కులతోటి సంచిల ఏసి ఘనపూర్ పంపిండు.

ఆ తెల్లారి ఇద్దరం బస్సుల ఘనపూర్ పోయినం. నాకు కోపం దిగినకొద్ది సిగ్గు ఎక్కింది. ఎందుకంటె పెండ్లికి ముందు ఏ పాటలు కావాల్నో కాగితం మీద రాసిచ్చింది నేనే. సాగనంపుడుకు 'మంచి ఏడుపు పాట, మీ ఇష్టం' అని రాసిన. అది అప్పుడు యాదికొచ్చింది. "అన్నా, పాట వెయ్యమని నేనే రాసిచ్చిన గద. నేను అరుస్తుంటె ఆ కాగితం తీసి ఎందుకు చూపియ్యలె?" అన్న.

"నువ్వు పాట వెయ్యమన్నవ్. అవ్వ గొంతు తియ్యమన్లే. రెండు గొంతులూ పెట్టొచ్చు, నాకు చేతనైతది. ఇనకుంటనే తీసేసిన్నేను" అన్నడు. కిటికీ దిక్కు మొఖం తిప్పుకున్నడు.

పొలం గట్టు మీదికెల్లి చూస్తె వరి ఇరగవండి ఉన్నది, పైన డిస్కులు తిరుగుతున్నయ్. ఒక అరవై ఉంటయ్. ఎండకు వానకు మార్కర్ రాతలన్నీ పోయినయ్, ఏది ఎవల పెండ్లో తెల్వది. ఆయన బురదల దిగి ఒక్కొక్కటే దారం కోసి, అంచులు పట్టి తీసి, పేపర్ ముక్కల పెట్టి సంచిల ఏసుడు మొదలువెట్టిండు. వాళ్లక్క గట్టు మీద నిలవడి ఒకటే తిట్టుడు. "అన్ని తీస్కపోతె పిట్టలను నువ్వు కొడ్తవా? ఈడ కాపలుంటవా? పండిన పంటరా ఇది!"

"ఉంట" అన్నడు. ఉన్నడు గూడ. పెద్దమనిషి రెండు రోజులు ఆ పొలంల కంచం పట్టుకొని కొట్టుకుంట తిరిగిండట. వాళ్లక్కే నవ్వుకుంట తర్వాత చెప్పింది. నేను సంచి పట్టుకొని ముందుగాల వచ్చేసిన, డ్యూటీ ఉండె.

వారం దినాలు పట్టింది. మూతపడని డిస్కును గూడ గీకి గీకి చదివిచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో సంపాదిచ్చిండు. అరవైల ఏది ఐదోదో దొరికింది. బొమ్మ మాత్రం ఎండకు సగం సచ్చింది. గొంతు ఉన్నది. ఆడాడ తెగుతున్నది గానీ ఉన్నది. తన హెచ్‌డీ కాపీల నుంచి బొమ్మ తీసిండు, పొలంల డిస్కు నుంచి గొంతు తీసిండు, రెండింటిని పెదవికి మాట కలిసేటట్టు కూర్చిండు. భాష రాదాయె, పెదవులు చూసుకుంటనే కూర్చిండు. ఈసారి మా బాపును ప్లేయర్ తెమ్మనలె. తనే డిస్క్ పట్టుకొని తండకు వచ్చిండు.

ఇంట్ల మళ్ల అందరం కూసున్నం. ఆయన లోపటికి రమ్మన్నా రాలె, గడప అవుతలనే కూసున్నడు. దాదీ నోరు తెరిసింది. దాదీ గొంతే వచ్చింది. ఒక్కసారి ఇల్లంత ఘొల్లుమన్నది. గొంతు తెగినకాడ మా యాడి అందుకున్నది. మళ్ల తెగితె మా పెద్దమ్మ అందుకున్నది. వాళ్లకు వచ్చిన వరుసలే గదా, బొమ్మల దాదీ, బయట వీళ్లు, కలిసి పాడిన్రు. అట్లట్ల పోయి ఒక్కతాన గొంతు తెగింది, ఎవలూ అందుకోలె. దాదీ నా చెవి కాడికి వంగి ఏందో చెప్పింది. అది పాటల లేని మాట. నా ఒక్కదానికే చెప్పింది. ఏడు సెకండ్లు.

అందరు నా దిక్కు చూసిన్రు. నాకు యాదికి లేదు. ఏడ్సుకుంట ఉన్న, ఇనలె.

అప్పటిసంది అన్న నాకు ఏడ కనవడ్డా అదే ముచ్చట. కూరగాయల మార్కెట్ల, బస్టాండుల, నా కొడుకును సంకనేసుకొని సూది మందుకు నిలవడితె ఆడ. బాగున్నవా లేదు, ఏం లేదు. "యాదికొచ్చిందా చెల్లె?" లేదన్నా అంటె తల ఊపి పోయెటోడు. తెలంగాణ వచ్చింది, సంబురాలైనయ్, ఆయన కెమెరా పట్టి తిరిగిండు, ఆ గుంపుల గూడ నన్ను గుర్తువట్టి మొత్తుకొని మరీ అడిగిండు. డిస్కులు అడిగెటోళ్లు పోయిన్రు, అందరు ఫోన్లల్లనే చూస్తున్నరు. ఆయన పని సల్లవడ్డది. అయినా తండల పెండ్లిళ్లకు మాత్రం ఆయన్నే పిలిచెటోళ్లు. సాగనంపుడు వచ్చిందంటె మైకు పిల్ల నోటి కాడ పెట్టి, ఊకోండ్రి ఊకోండ్రి అని మిగతావాళ్లను గదమాయిస్తుండెనట.

నిరుడు ఆయనకు కిడ్నీలు పోయినయ్. వారానికి మూడుసార్లు మా దవాఖానకే డయాలిసిస్‌కు వచ్చెటోడు. మనిషి ఎండిపోయిండు. సూది గుచ్చేటప్పుడు అటు తిరిగి నన్నే అడుగుతుండె, యాదికొచ్చిందా అని. మొన్న సంక్రాంతి అయినంక ఒకనాడు నాకు పానం ఆగలె. ఇగ ఎన్ని దినాలుంటడు, ఈ ఒక్క ముచ్చట తీరకుంటనే పోతడా అనిపిచ్చింది. "వచ్చిందన్నా, రాత్రి యాదికొచ్చింది" అన్న. 

లేసి కూసోబోయిండు. "మీ భాషలనే చెప్పు" అన్నడు. నేను ముందుగాలనే కట్టుకున్న నాలుగు మాటలు మా భాషల చెప్పిన, తెలుగుల అర్థం గూడ చెప్పిన. నువ్వు ఏడికి పోయినా నీ ఎనక నేనున్న, ఏడువకు, అన్నట్టు. మంచిగనే కట్టిన అనుకున్న.

కండ్లు మూసుకున్నడు. పెదవులు మెల్లగ కదిలిచ్చిండు, శబ్దం లేకుంట. మళ్ల ఒకసారి చెప్పుమన్నడు. చెప్పిన.

"కాదు చెల్లె" అన్నడు. "అవ్వ ఆడ మూడుసార్లు పెదవులు కలిపింది. నువ్వు చెప్పినదాంట్ల ఒక్కసారి గూడ కలుస్తలెవ్వు."

నేను తల దించుకున్న. ఆయన కోపానికి రాలె. సూది లేని చెయ్యి నా చెయ్యి మీద పెట్టిండు.

"ఖాళీ ఉంటె ఉండనియ్యి, అది అవ్వ జాగ" అన్నడు. "అండ్ల మనం ఏం పెట్టొద్దు. నేను ఒకసారి పెట్టిన గద."